మూడో రోజు పరీక్ష

"గుండెకి యాంజియో చేయిస్తే కిడ్నీలు పోతాయంట కదండీ!" గుడ్లవల్లేరు చుట్టుపక్కల ఏ ఊళ్లో గుండె జబ్బు సంగతి ఎత్తినా కాసేపటికి ఈ మాట వస్తుంది. ఎవరికో తెలిసినాయన విజయవాడ వెళ్లి స్టంట్ వేయించుకుని వచ్చాడని, నెల తిరక్కుండా ఒళ్లు నీరు పట్టిందని, ఇప్పుడు డయాలసిస్‌కి తిరుగుతున్నాడని చెబుతారు. అలాంటి కథ ఒకటి ఊళ్లో తిరిగితే చాలు, ఛాతీలో నొప్పి వచ్చిన మరో మనిషి ఆసుపత్రి గడప తొక్కడానికి వెనకాడతాడు. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు, దాని వెనక ఉన్నది నిజమైన శాస్త్రం. ఆ శాస్త్రమే కిడ్నీలను కాపాడుకునే దారి కూడా చూపించింది. ఆ దారిలో ఆఖరి మజిలీ ఇంటికొచ్చాక, మన ఊళ్లోనే ఉంది. ఎక్కువమంది తప్పిపోతున్నది అక్కడే.

పల్లెటూళ్లలో గుండె జబ్బు అరుదన్న నమ్మకం ఎప్పుడో చెదిరిపోయింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో పరిశోధకులు ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక ఏడాదిలో జరిగిన మరణాలను తీసుకుని, ఇంటింటికీ వెళ్లి కారణాలు రాబట్టారు. 2006లో అచ్చయిన ఆ లెక్కల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటురోగాలు 12 శాతం దగ్గరే ఆగిపోయాయి. కాలువల కింద వరి, చేపల చెరువులు, బీపీ, షుగరు, ఆవకాయతో మొదలయ్యే ఉప్పు అలవాటు... గోదావరి డెల్టా బతుక్కీ మన కృష్ణా డెల్టా బతుక్కీ పెద్ద తేడా లేదు. ఆ లెక్కలు మనవి కూడా అనుకుని చదువుకోవచ్చు.

ఒకప్పుడు యాంజియోప్లాస్టీ డబ్బున్నవాళ్ల వైద్యం. 1990లలో హైదరాబాదులో గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో ఒక స్టెంట్ తయారు చేయించారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది, మందు పూసిన స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. ఇప్పుడు కౌలు రైతు కూడా కార్డు పట్టుకుని వెళ్లి స్టెంట్ వేయించుకుని రాగలుగుతున్నాడు. ఇది చాలా గొప్ప మార్పు. దాంతోపాటే, గుండెతో సమానంగా కిడ్నీలు కూడా దెబ్బతిని ఉన్న పెద్దవయసు మనుషులు యాంజియో చేసే క్యాథ్ ల్యాబ్ బల్ల ఎక్కడం పెరిగింది.

ఆ బల్ల మీద జరిగేది ఏమిటో, అది ఎలా మొదలైందో చూద్దాం. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన మోచేతి సిర కోసుకుని, అందులోంచి ఒక సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్లు లోపలికి తోసుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లాడు. గొట్టం కొన గుండె కుడి భాగంలో కనిపించింది. అప్పటికి గుండె కోసమని చేసిన గొట్టాలు లేవు. ఆయన వాడినది కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళంలోకి వేసే గొట్టం. ఆ పనికి ముందు చీవాట్లు, తర్వాత 1956లో నోబెల్ బహుమతి వచ్చాయి.

1958 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఒక యువకుడికి గుండె కవాట పరీక్ష చేస్తుండగా గొట్టం కొన జారి కుడి కరోనరీ ధమనిలోకి దూరింది. ఎవరూ గమనించేలోపు నాళాలు ఎక్స్‌రేలో కనబడటానికి వాడే రంగు మందు సుమారు 30 మిల్లీలీటర్లు ఆ సన్నని నాళంలోకి వెళ్లిపోయింది. గుండె ఆగింది. సోన్స్ ఆ యువకుణ్ణి గట్టిగా దగ్గమన్నాడు. దగ్గగా దగ్గగా మందు ముందుకు కదిలి గుండె మళ్లీ కొట్టుకుంది. కరోనరీ ధమనులను ఒక్కొక్కటిగా ఎక్స్‌రేలో చూడొచ్చని ఆ రోజు తేలింది. కొద్ది కొద్దిగా పంపితే గుండె ఓర్చుకుంటుందని కూడా తేలింది. ఇప్పుడు ఒక్కోసారి పంపేది సాధారణంగా పది మిల్లీలీటర్లలోపే. గొట్టం కొన దగ్గర రక్తపోటు గీత తెర మీద అనుక్షణం కదులుతూ ఉంటుంది. గీత ఒక్కసారిగా కుంగితే గొట్టం నాళాన్ని మూసేసిందని అర్థం, వెంటనే వెనక్కి లాగుతారు. గాలి బుడగ పోకుండా సిరంజిని పైకెత్తి పట్టుకోవడం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వడం, షాక్ ఇచ్చే యంత్రం చేతికందే దూరంలో ఉంచడం, ఇవన్నీ గుండెకు కాపలా. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రున్‌జిగ్ బెలూనుతో మూసుకుపోయిన నాళాన్ని తెరిచాక ఈ కాపలా మరింత పెరిగింది. ఈ రోజుల్లో అలవాటున్న చేతుల్లో యాంజియోగ్రామ్ వల్ల గుండెకు పెద్ద ప్రమాదం రావడం అరుదు.

కిడ్నీల వైపు కాపలా ఇంత గట్టిగా లేదు. ఎందుకంటే అక్కడ జరిగేది తెర మీద కనిపించదు.

రంగు మందులో ఉన్నది అయోడిన్. ఎక్స్‌రేను అడ్డుకునేది అదే. పాతకాలపు మందులు రక్తం కంటే ఐదారు రెట్లు చిక్కని లవణ ద్రావణాలు. ఒంట్లోకి వెళ్తూనే మంట పుట్టించేవి, గుండె వేగాన్ని పడగొట్టేవి. ఇప్పుడు వాడే అయోహెక్సాల్ లాంటివి రక్తానికి రెండు మూడు రెట్ల దగ్గర ఉంటాయి, అయోడిక్సనాల్ రక్తంతో సమానం. ఏదైనా సరే, ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కిడ్నీల గుండానే.

రెండు కిడ్నీలూ కలిపి పావుకిలో పైచిలుకు బరువు. అయినా గుండె తోసే రక్తంలో ఐదో వంతు వాటికే వెళ్తుంది. అంత రక్తం తాగే అవయవానికి లోటేమిటి అనిపిస్తుంది. లోటు పంపకంలో ఉంది. మన కాలువల సంగతి తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండుగా వదిలినా బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక శివారు భూములకు చేరేసరికి నీళ్లు సన్నగిల్లుతాయి. ఎగువన రెండు రోజులు లాకులు దించితే ఎగువ పొలాలకు ఏమీ కాదు, శివారులో నారు ఎండుతుంది. కిడ్నీలోనూ అంతే. వచ్చిన రక్తంలో తొంభై శాతం దాకా పై పొరకే పోతుంది. లోపలి పొరకు దక్కేది పదో వంతు. కానీ మూత్రాన్ని చిక్కబరిచే బరువు పనిలో ఎక్కువ భాగం జరిగేది అక్కడే. అందుకే మామూలు రోజుల్లో కూడా ఆ పొరలోని కణాలు అందిన ఆక్సిజన్‌ను దాదాపు ఊడ్చేసి వాడుకుంటాయి. మిగులు లేదు. రంగు మందు వచ్చినప్పుడు అక్కడి సన్నని నాళాలు ముడుచుకుంటాయి, మందు చిక్కదనానికి ప్రవాహం మందగిస్తుంది, గొట్టాల గోడల్లోని కణాలకు మందు నేరుగా కూడా తగులుతుంది. మంచి కిడ్నీ అయితే తట్టుకుంటుంది. షుగరుతో, బీపీతో ముందే సగం దెబ్బతిన్న కిడ్నీ, పైగా రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా మే నెల ఎండలో బస్సులో వచ్చిన మనిషిది అయితే, తట్టుకోలేకపోవచ్చు.

నిందంతా రంగు మందు మీద వేయడం కూడా న్యాయం కాదు. గుండెపోటుతో బీపీ పడిపోయిన మనిషికి, గుండె బలహీనపడిన మనిషికి రంగు మందు లేకపోయినా కిడ్నీలు దెబ్బతింటాయి. ఇటీవలి పరిశోధకుల్లో చాలామంది, పాత లెక్కలు మందు పాత్రను పెంచి చూపాయనే అంటున్నారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. అయితే కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లలో జాగ్రత్త తప్పనిసరి అన్న విషయంలో ఎవరికీ తేడా లేదు.

పనితనం ఎంతో చెప్పేది క్రియాటినిన్. ఈ పదార్థం కథలో మన డెల్టా మనిషి ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, కండరాల్లో ఫాస్ఫరస్‌ను కొలవబోయి, అక్కడ ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో ప్రకటించారు. కండరం ఒక్కసారిగా బిగుసుకోవాల్సి వచ్చినప్పుడు వాడుకునే శక్తి నిల్వ అది. గుండె కండరంలోనూ అదే ఉంది. రక్తం అందనప్పుడు క్షణాల్లో కరిగిపోయే మొదటి నిల్వల్లో అదొకటి. ఆ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచి రోజూ కాస్త కాస్తగా తయారయ్యే వ్యర్థమే క్రియాటినిన్. కండరాలు దాన్ని దాదాపు ఒకే తీరున వదులుతుంటాయి, కిడ్నీలు బయటికి పంపుతుంటాయి. కిడ్నీలు నెమ్మదిస్తే రక్తంలో పేరుకుంటుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. 68 ఏళ్ల బక్కపలచని ఆవిడ రిపోర్టులో 1.3 అని ఉంటే, కాస్తే ఎక్కువ కదా, ఫర్వాలేదులే అనుకుంటారు. వయసు, ఆడా మగా అన్నది కలిపి ఇప్పటి సూత్రంతో లెక్కవేస్తే వచ్చే పనితనం అంకె, అంటే ఈజీఎఫ్ఆర్, 45. అంటే మంచి వయసులో ఉండే పనితనంలో సగం కూడా లేనట్టే. అదే వయసు మగమనిషికి 1.6 ఉంటే ఇంచుమించు అదే, 47. కిడ్నీ జబ్బులతో నలిగిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పల్లెపల్లెకీ క్రియాటినిన్ అంకె పరిచయమే, అక్కడ జనం కష్టపడి నేర్చుకున్న పాఠం అది. మన పాత కృష్ణా జిల్లాలోనే తిరువూరు వైపు ఎ.కొండూరు తండాలకూ అది తెలుసు. డెల్టాలో షుగరు ఎంతో చెప్పేవాళ్లు దొరుకుతారు, క్రియాటినిన్ ఎంతో చెప్పేవాళ్లు తక్కువ. యాంజియో మాట వచ్చిన రోజే ఆ అంకె, దాంతోపాటు ఈజీఎఫ్ఆర్ తెలుసుకుని వెళ్లాలి.

కిడ్నీలను కాపాడే మందు కోసం వైద్యలోకం ముప్పై ఏళ్లు వెతికింది. మూత్రం ఎక్కువ పోయేలా చేస్తే రంగు మందు తొందరగా కొట్టుకుపోతుంది కదా అన్నది మొదటి ఆలోచన. 1994లో సోలమన్ బృందం 78 మందిని మూడు భాగాలు చేసింది. ఒక భాగానికి వట్టి సెలైన్, మిగతా రెంటికి సెలైన్‌తోపాటు మూత్రం ఎక్కువ పోయించే మందులు: ఒకదానికి మానిటాల్, ఇంకోదానికి లేసిక్స్. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు వట్టి సెలైన్‌లో 11 శాతం, మానిటాల్‌తో 28, లేసిక్స్‌తో 40. మూత్రం పోసి కాపాడబోతే శివారు మరింత ఎండిందన్నమాట. తర్వాత 2000లో ఎసిటైల్‌సిస్టీన్ అనే కఫం మందు వంతు. 83 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో అద్భుతంగా పనిచేసినట్టు కనిపించింది. చవక, ప్రమాదం లేదు, ప్రపంచమంతా వాడేసింది. 2011లో బ్రెజిల్‌లో 2,308 మందితో పరీక్షిస్తే, బిళ్ల వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే: రెండు వైపులా 12.7 శాతం. 2018లో దాదాపు ఐదు వేల మందితో జరిగిన ప్రిజర్వ్ అధ్యయనం ఆ బిళ్లతోపాటు సోడియం బైకార్బనేట్ సెలైన్‌కు కూడా మామూలు సెలైన్‌ను మించిన గుణం లేదని తేల్చింది. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ బిళ్ల రాస్తున్నారు. వేసుకుంటే నష్టం లేదు, కానీ అది వేసుకున్నాం కదా అని మిగతా జాగ్రత్త వదిలేస్తేనే నష్టం.

మిగిలింది ఉప్పునీరు. సెలైన్. రక్తంలో నీరు తగినంత ఉంటే లోపలి పొరకు ప్రవాహం నిలుస్తుంది, రంగు మందు పలచబడుతుంది. ఎంత ఎక్కిస్తే అంత మేలనిపిస్తుంది. ఇక్కడే గుండె అడ్డం వస్తుంది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి లెక్క లేకుండా సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి ఆయాసం ముంచుకొస్తుంది. కిడ్నీ నీరు కోరుతుంది, గుండె వద్దంటుంది. దశాబ్దాల పాటు డాక్టర్లు ఈ ఇద్దరి మధ్యా అంచనాతో నెట్టుకొచ్చారు, భయపడి తక్కువే ఇచ్చేవారు.

2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పొసైడన్ అధ్యయనం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన. గుండె ఎంత నీరు మోయగలదో ఊహించడం ఎందుకు, గొట్టం ఎలాగూ గుండె దాకా వెళ్తోంది కదా, అడిగేస్తే సరి! గుండె ఎడమ గది నిండినప్పుడు లోపల ఉండే ఒత్తిడిని ఆ గొట్టంతోనే కొలుస్తారు. అది 13 లోపు ఉంటే కిలో బరువుకు గంటకు 5 మిల్లీలీటర్ల చొప్పున, 13 నుంచి 18 మధ్య ఉంటే 3, 18 దాటితే 1.5 చొప్పున సెలైన్ ఎక్కిస్తారు. అరవై కిలోల మనిషికి మొదటి వరుసలో గంటకు 300 మిల్లీలీటర్లు, ఆఖరి వరుసలో 90. పరీక్ష జరుగుతున్నంతసేపూ, ఆ తర్వాత నాలుగు గంటలూ ఇలా నడుస్తుంది. పాల్గొన్న 396 మందీ కిడ్నీ పనితనం తగ్గినవాళ్లే. మామూలు పద్ధతిలో 16.3 శాతం మందికి కిడ్నీ దెబ్బతింటే, కొలిచి ఇచ్చినవాళ్లలో అది 6.7 శాతానికి దిగింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, అదనపు ఖర్చు దాదాపు లేదు. అందుకే ఇది ఏ జిల్లా ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లోనైనా చేయదగ్గ పని.

రెండో రక్షణ రంగు మందు కొలత. వాడిన మిల్లీలీటర్లు ఈజీఎఫ్ఆర్ అంకెకు మూడు రెట్లు దాటకూడదని, కుదిరితే రెండు రెట్లలోపే ఆగాలని గుండె వైద్యులు పెట్టుకున్న గుర్తు. మనం లెక్కవేసిన ఈజీఎఫ్ఆర్ 45 ఉన్న ఆవిడకు అంటే 135 హద్దు, 90 లోపు మేలు. చూడటానికి మాత్రమే చేసే యాంజియోగ్రామ్‌కు ఇది సరిపోతుంది. రెండు మూడు నాళాలకు ఒకే రోజు స్టెంట్లు వేయాలంటే సరిపోకపోవచ్చు. అత్యవసరం కానప్పుడు ఒకటి ఈ రోజు, మిగతావి కొన్ని వారాల తర్వాత అని డాక్టరు అంటే, రెండుసార్లు ఎందుకు తిప్పుతున్నారని విసుక్కోకూడదు, అది కిడ్నీ కోసం పడుతున్న శ్రమ. తొడ దగ్గర కంటే మణికట్టు దగ్గర నుంచి గొట్టం వేస్తే రక్తస్రావమే కాదు, కిడ్నీ దెబ్బ కూడా కొంత తగ్గుతుందని 2017లో యూరప్‌లో వేలమంది మీద చూశారు. అయితే డయాలసిస్ అవసరం పడొచ్చనుకున్న మనిషికి చేతి నాళాలు తర్వాత ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతి నాళాలను కలిపే ఏర్పాటుకు) కావాలి కాబట్టి, ఏ చెయ్యి అన్నది ముందే కిడ్నీ డాక్టరును అడగడం మంచిది.

ఇక ఇంటి నుంచి వెళ్లే మందుల సంచి. నాట్లప్పుడు, కోతలప్పుడు నడుం నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీ లోపలి పొరకు వెళ్లే నాళాలను బిగిస్తాయి. యాంజియోకు ముందు రోజుల్లో, తర్వాత రోజుల్లో అవి అసలు ముట్టకూడదు. గుండె డాక్టరు ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్ వేరు, దాన్ని నొప్పి బిళ్ల అనుకుని మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు, కానీ కిడ్నీ నెమ్మదిస్తే ఒంట్లో పేరుకుని రక్తాన్ని ఆమ్లం చేయొచ్చు. కిడ్నీ పనితనం తగ్గినవాళ్లకు పరీక్ష రోజున ఆపించి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టిస్తారు. నీరు లాగే బిళ్లల సంగతి డాక్టరే తేల్చాలి. కొబ్బరిబోండాల గురించి కూడా చెప్పాలి. గుండె ఆపరేషన్ అయి వచ్చిన మనిషికి చుట్టాలు ముందుగా తెచ్చేది అవే. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ మంచిగా ఉన్నవాళ్లకు ఫర్వాలేదు, పనితనం తగ్గినవాళ్లలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. వాళ్లకు మంచినీళ్లే మేలు, అదీ డాక్టరు చెప్పిన కొలతలో.

ఇంత చదివి, కిడ్నీ జబ్బున్నవాళ్లు యాంజియో జోలికి పోకూడదని ఎవరైనా అనుకుంటే నేను రాసిందానికి అర్థం తలకిందులైనట్టే. కిడ్నీలకు భయపడి గుండెకు అవసరమైన వైద్యం ఆపేయడం డాక్టర్లలోనూ ఉందని, దానివల్ల ప్రాణాలు పోతున్నాయని 2004లో అమెరికాలో చెర్టో, ఆయన సహచరులు హెచ్చరించారు. గుండెపోటు వచ్చి నాళం పూర్తిగా మూసుకుపోతే నిమిష నిమిషానికీ కండరం చచ్చిపోతుంది. అప్పుడు క్రియాటినిన్ రిపోర్టు కోసం కూడా ఆగరు, ఆగకూడదు. గుడ్లవల్లేరు నుంచి క్యాథ్ ల్యాబ్‌కు చేరడం ఆలస్యమయ్యేలా ఉంటే, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు వేయించుకుని బయలుదేరడం ప్రాణం నిలిపే పని. గుండె నిలిస్తేనే కిడ్నీకి రక్తం. నెమ్మదిగా ఆలోచించుకోవాల్సింది నిలకడగా ఉన్న జబ్బు విషయంలో. కిడ్నీలు బాగా పాడై, గుండెకు రక్తం సరిగా అందకపోయినా నిలకడగా ఉన్న 777 మంది మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, ముందే యాంజియోకు వెళ్లినవాళ్లకూ మందులతో మొదలుపెట్టినవాళ్లకూ మరణాల్లో, గుండెపోట్లలో తేడా కనబడలేదు. అలాంటివాళ్లు "ఇది ఇప్పుడే అవసరమా, మందులతో చూద్దామా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన మజిలీకి వద్దాం. రంగు మందు దెబ్బ వెంటనే తెలియదు. క్రియాటినిన్ 24 నుంచి 48 గంటల్లో పెరగడం మొదలవుతుంది, మూడు నుంచి ఐదు రోజులకు శిఖరానికి చేరుతుంది. మన రోగి మర్నాడే, మహా అయితే రెండో రోజు డిశ్చార్జి అయి ఊరొచ్చేస్తాడు. డిశ్చార్జి కాగితంలో అంకె బాగానే ఉంటుంది. నొప్పి ఉండదు, మూత్రం కూడా మామూలుగానే పోవచ్చు. పెరుగుదల ఇంట్లో, ఎవరికీ కనబడకుండా జరుగుతుంది. అందుకే కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, గుండెపోటుతో వెళ్లి వచ్చినవాళ్లు మూడో రోజున గుడ్లవల్లేరులోనో గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఒక ల్యాబులో క్రియాటినిన్ చేయించుకోవాలి. పెద్ద ఖర్చు కాదు, చేతిలోంచి తీసే కొద్దిపాటి రక్తం. దానికి ముందే ఆసుపత్రిలో, వెళ్లకముందు క్రియాటినిన్ ఎంత, రంగు మందు ఎన్ని మిల్లీలీటర్లు వాడారు అన్న రెండూ కాగితం మీద రాయించుకుని తెచ్చుకోవాలి. పాత అంకె లేకుండా కొత్త అంకెకు అర్థం లేదు.

48 గంటల్లో 0.3 గాని, వారంలోపు మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లు గాని పెరిగితే కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. ఆసుపత్రికి ఫోను చేయాలి. ఎక్కువమందిలో అది ఒకటి నుంచి మూడు వారాల్లో తిరిగి దిగుతుంది, డయాలసిస్ దాకా పోయేవాళ్లు కొద్దిమందే. ఆ వారాల్లో నొప్పి బిళ్లలు, కొత్త యాంటీబయాటిక్స్, రంగు మందుతో తీసే మరో సీటీ స్కాను పడకుండా చూసుకోవడమే అసలు చికిత్స. దిగకుండా వారం వారం మెల్లగా ఎక్కుతూ పోతే, దాంతోపాటు కాలివేళ్లు నీలంగా మారితే, కాళ్ల చర్మం మీద వల అల్లినట్టు ఊదారంగు గీతలు కనిపిస్తే, అది రంగు మందు పని కాకపోవచ్చు. గొట్టం రాసుకున్నప్పుడు పెద్ద ధమని గోడల నుంచి రాలిన కొలెస్ట్రాల్ పలుకులు కిడ్నీల్లో, కాళ్లలో ఇరుక్కున్నాయేమోనని అనుమానించాలి. దాని తోవ వేరు, వైద్యమూ వేరు. అలాంటి గుర్తు కనబడితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా, యాంజియో కాగితాలన్నీ పట్టుకుని ఆ వారంలోనే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.